పాత జపాన్ స్పోర్ట్స్ కారు దిగుమతి: తిరుపతి, చిత్తూరు వాళ్లకు గిట్టుబాటవుతుందా?

నిస్సాన్ స్కైలైన్ ఆర్32, టయోటా సుప్రా, మజ్దా ఆర్‌ఎక్స్-7, నిస్సాన్ సిల్వియా ఎస్15 పేర్లు వింటే ప్రాణం లేచొచ్చేవాళ్లు మన జిల్లాల్లో తక్కువేం లేరు. జపాన్ వేలం ధరలు చూసి లెక్కలు వేసుకునే ముందు బండి తయారైన తేదీ చూడండి. విదేశాల్లో వాడిన కారును మన దేశంలోకి తేవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు. ఆర్32 జీటీ-ఆర్ తయారైంది 1989 నుంచి 1994 వరకు. ఏ80 తరం సుప్రా, ఎఫ్‌డీ తరం ఆర్‌ఎక్స్-7, ఎస్15 మూడూ 2002లోనే ఆగిపోయాయి. కాబట్టి మామూలు దారిలో వీటిలో ఒక్కటి కూడా రాదు. అమెరికాలో నిబంధన దీనికి తలకిందులు: 25 ఏళ్లు నిండిన బండిని అక్కడ సులువుగా రానిస్తారు. దిగుమతి వీడియోల్లో కనిపించేవి చాలావరకు అక్కడి సంగతులే.

మూడేళ్లలోపు కారైనా పని తేలిక కాదు. స్టీరింగ్ కుడివైపు ఉండాలి, జపాన్ బండ్లకు అది ఎటూ ఉంటుంది. ఓడ ఎక్కించే ముందే తనిఖీ పత్రం తీసుకోవాలి. కనీసం ఐదేళ్లు రోడ్డు మీద తిరిగే స్థితిలో ఉందని చూపాలి. చెన్నై రేవు మనకు మూడు గంటల దూరమే, కానీ వాడిన కారు దిగాల్సింది ముంబైలోనే. దిగాక పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థలో పరీక్షకు పెట్టాలి. ఇక సుంకం. బండి ధర, ఓడ కిరాయి, బీమా కలిపి 10 లక్షలైతే కస్టమ్స్ సుంకం, సెస్సు కలిసి సుమారు 137.5 శాతం, అంటే 13.75 లక్షలు. ఆ మొత్తం మీద పెద్ద కార్లకు 40 శాతం జీఎస్టీ, ఇంకో 9.5 లక్షలు. 10 లక్షల బండి రేవు దాటేసరికి 33 లక్షలు దాటుతుంది. పరీక్ష ఖర్చు, ముంబై నుంచి లారీ కిరాయి, రాష్ట్ర జీవితకాల పన్ను ఇందులో కలపలేదు.

50 ఏళ్లు దాటిన బండ్లకు మాత్రం ఒక తలుపు తెరిచే ఉంది. పాతకాలపు కార్లుగా వాటిని సొంతానికి తెచ్చుకోవచ్చు. 1969లో వచ్చిన డాట్సన్ 240జడ్, 1970లో వచ్చిన తొలితరం టయోటా సెలికాల్లో 50 ఏళ్లు దాటినవి ఈ లెక్కలోకి వస్తాయి. అయితే 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు బాగా చదువుకోండి. నంబరు ప్లేటు మీద రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అక్షరాలు ఉంటాయి. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, ఆ తర్వాత రెన్యువల్‌కు 5,000. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు పట్టించడం, మరమ్మతు వంటి పనులకే రోడ్డెక్కాలి. దాంట్లో రోజూ రేణిగుంటకు ఉద్యోగానికి పోతానంటే కుదరదు. షెడ్డు, ఓపిక, డబ్బు మూడూ ఉన్నవాళ్లకు అది గొప్ప వస్తువే. నడుపుకోవడానికి కారు కావాలనుకునేవాళ్లకు కాదు.

'ఇప్పటికే ఇండియాలో ఉంది, పేపర్లు క్లియర్' అంటూ అమ్మకానికి వచ్చే స్కైలైన్‌ల విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. కార్నె పత్రం మీద తాత్కాలికంగా వచ్చిన బండి గడువులోగా తిరిగి దేశం దాటాలి, ఇక్కడ అమ్మకూడదు. అలాంటివాటికి దొంగ కాగితాలు పుట్టించి ఎక్కడో దూరపు రాష్ట్రంలో రిజిస్టర్ చేయించి అమ్మిన కేసులున్నాయి. పట్టుబడితే బండి కస్టమ్స్ పాలవుతుంది, కొన్నవాడి డబ్బు పోతుంది. ఆర్సీ ఒక్కటే చూసి నమ్మొద్దు. బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌లో దాఖలైన దిగుమతి పత్రం అడగండి. దాని నంబరు, తేదీ, రేవు పేరు కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. బిల్ ఆఫ్ ఎంట్రీలోని ఛాసిస్ నంబరును బండి మీద చెక్కిన నంబరుతో అక్షరం అక్షరం పోల్చండి. అమ్మేవాడు బిల్లు చూపకపోతే బేరం అక్కడితో వదిలేయండి.

ఇంజిన్ మాత్రం తెప్పించి ఇక్కడి బండిలో దించుదామనే ఆలోచన కూడా చాలామందికి వస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చడం కుదరదు, ఇంజిన్ మార్పుకు ఆర్టీవో అనుమతి తప్పదు. అనుమతి లేని ఇంజిన్‌తో ప్రమాదం జరిగితే బీమా డబ్బుకు కొర్రీ పడుతుంది. పెట్రోలు ఇంకో చిక్కు. ఆర్32 జీటీ-ఆర్‌లోని ఆర్‌బీ26 లాంటి టర్బో ఇంజిన్లను జపాన్‌లో దొరికే 100 ఆక్టేన్ పెట్రోలుకు ట్యూన్ చేశారు. మన బంకుల్లో దొరికే మామూలు పెట్రోలు ఆక్టేన్ అంతకన్నా తక్కువ. టర్బో బూస్టు, స్పార్క్ టైమింగ్ తగ్గించకుండా నడిపితే పెట్రోలు వేళ తప్పి పేలి (నాకింగ్) పిస్టన్ రింగుల మధ్య గట్లు విరుగుతాయి. పైగా పెట్రోలులో కలిపే 20 శాతం ఇథనాల్ పాత రబ్బరు పైపులను, పంపు సీళ్లను తినేస్తుంది.

కాబట్టి మా సలహా ఒకటే: ఒకప్పుడు ఇక్కడే షోరూముల్లో అమ్మిన జపాన్ కంపెనీల కార్లలో మంచిది వెతకండి. మారుతి పాత బలెనో సెడాన్ 1.6 ఉంది, మిత్సుబిషి సెడియా 2.0 ఉంది. సెడియా ర్యాలీల్లో పేరు తెచ్చుకున్న బండి, కానీ దాని విడిభాగాల కోసం ఊళ్లు తిరగాలి. మా ఓటు 2000 నుంచి 2003 వరకు అమ్మిన హోండా సిటీ 1.5 వీటెక్‌కు. 1493 సీసీ, 106 హార్స్‌పవర్, తేలికైన ఒళ్లు. ఆర్పీఎం పెరిగేకొద్దీ దాని లాగుడు చూస్తే జపాన్ ఇంజిన్ అంటే ఏంటో అర్థమవుతుంది. విడిభాగాలు చెన్నైలో వెతికితే దొరుకుతాయి.

కొనేటప్పుడు చల్లని ఇంజిన్‌తో మొదలుపెట్టండి. ఇంజిన్ వేడెక్కాక నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూడండి, వాటి మధ్య తేడా 2 బార్ దాటితే వద్దు. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి, లేకపోతే కొన్న వారంలోనే బెల్ట్, టెన్షనర్, వాటర్ పంపు కలిపి మార్పించండి. ఈ ఇంజిన్‌లో బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి. హెడ్డు పక్కనున్న వీటెక్ సోలెనాయిడ్ దగ్గర ఆయిల్ చెమ్మ ఉంటే గ్యాస్కెట్ పోయినట్టు, దానికి భయపడక్కర్లేదు. ఎండలో గంట నిలిపి మళ్లీ స్టార్ట్ చేయండి. తాళం తిప్పగానే పెట్రోలు పంపు రెండు సెకన్లు గుయ్‌మనాలి. ఆ శబ్దం లేకుండా, స్టార్టరుతో ఇంజిన్ ఊరికే తిరుగుతూ అంటుకోకపోతే పంపుకు కరెంటు ఇచ్చే, డ్యాష్‌బోర్డు కింది మెయిన్ రిలేలో టంకం పగిలి ఉండొచ్చు. మన మే నెల ఎండలకు ఇది తరచూ వచ్చే జబ్బే. మళ్లీ టంకం వేస్తే చాలు, దీన్ని చూపించి ధర తగ్గించుకోవచ్చు. పంపు మోగినా వేడి మీద ఇంజిన్ అంటుకోకపోతే డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్క్ పుట్టించే ఇగ్నైటర్‌ను అనుమానించండి, అది ఖర్చుతో కూడిన పని.

తర్వాత భాకరాపేట ఘాట్‌లోనో, పలమనేరు వైపు మొగిలి ఘాట్‌లోనో దించి చూడండి. దిగేటప్పుడు రెండో గేరులో పెట్టి బ్రేకు అప్పుడప్పుడే తొక్కాలి. కిందికి వచ్చేసరికి పెడల్ మెత్తబడితే బ్రేకు ఆయిల్ నీరు పట్టిందని అర్థం. అది రెండేళ్లకోసారి మార్చాల్సిందే. కొండకు ఇదే బండిలో పోవాలనుకుంటే, అలిపిరిలో పాత బండ్ల మీద ఉన్న ఆంక్షలు ముందే కనుక్కోండి.

ఈ వయసు బండికి ఆర్సీ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 20 ఏళ్లు దాటిన కారుకు 2025లో ఆ రుసుము 10,000 రూపాయలు చేశారు, గ్రీన్ ట్యాక్స్ వేరు. ఏపీ03 నంబరు బండి కొంటుంటే పాత బకాయిలు, చలాన్లు అమ్మేవాడితోనే కట్టించి, ఆ తర్వాతే సంతకాలు పెట్టించుకోండి. ఇథనాల్ తట్టుకునే పెట్రోలు పైపులకు, కొత్త బుష్‌లకు, నాలుగు మంచి టైర్లకు డబ్బు విడిగా పక్కన పెట్టుకునే బేరానికి పోండి.