పర్లాకిమిడి నుంచి గోపాలపురం దాకా: బంతి, పాట, బస

ఏ ఊరు వెళ్లినా సాయంత్రం వేళ అక్కడి మైదానంలో బంతి ఆడుతున్నారా, టీకొట్టులో ఎవరి పాట మోగుతున్నది అనే రెండు విషయాలను బట్టి ఆ ఊరిని అంచనా వేసే అలవాటు నాకు బడి రోజుల నుంచీ ఉన్నది. ఒడిశాలోని గజపతి, గంజాం జిల్లాల మీదుగా చేసిన ఈ ప్రయాణాన్ని కూడా అదే కొలతతో చూశాను. కాబట్టి కోటలు, గుడుల వివరాలు కోరేవారికి ఈ రాతలో దొరికేది తక్కువ.

నౌపడా నుంచి పర్లాకిమిడికి రైలులో వెళ్లడమే మేలు. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలుమార్గం ఇది. 2011లో బ్రాడ్‌గేజ్‌గా మారి గుణుపురం దాకా నడుస్తున్నది. టికెట్టు చవక, కిటికీ పక్కన చోటు దొరకడం సులభం, అన్నిటికీ మించి పెట్టెలో ఎవరి పాటనూ బలవంతంగా వినవలసిన పని లేదు. ఊళ్లో మేము దిగిన లాడ్జి శుభ్రంగానే ఉన్నది గాని, పక్కనున్న కల్యాణమండపంలో అర్ధరాత్రి దాకా డీజే మోగుతూనే ఉన్నది. పెళ్లిళ్ల రోజుల్లో వెళ్లేవారు గది ఖాయం చేసుకునే ముందు మండపం ఎంత దూరంలో ఉన్నదో అడగడం మంచిది.

అక్కడి నుంచి మోహన వైపు బస్సులో వెళ్లాము. ఘాటు రోడ్డు మీద డ్రైవరు పెట్టిన ఇళయరాజా పాటలు మొదటి గంట హాయిగా ఉన్నాయి. ఆ పాటల్లో బేస్ గిటారు గొంతుకు అడ్డు రాకుండా పక్కనే నడుస్తుంది; ఆయన తరువాత సినిమా పాటకు తాళం పెరిగింది గాని, ఆ పొదుపు తగ్గిందనే నా అభిప్రాయం. అయితే చెవిపక్కనే స్పీకరు ఉన్న సీటులో కూర్చుంటే ఇళయరాజా అయినా శిక్షే అవుతాడు. ముందు వరుసలు తప్పించుకోండి.

కోతలైన తరువాత ఈ కొండ ప్రాంతంలో వరిమళ్లే ఫుట్‌బాల్ మైదానాలవుతాయి. మోహన దారిలో ఒక ఊరి పక్కన వెదురు గోల్‌పోస్టుల మధ్య పోటీ జరుగుతుంటే బస్సు దిగిపోయాము. ఆడుతున్నవారిలో ఎక్కువమంది సవర గిరిజన కుర్రాళ్లు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవర భాష నేర్చుకున్నది వీళ్ల పూర్వుల దగ్గరే కదా అనిపించింది. సగంమందికి బూట్లు లేవు. అయినా బంతిని మొదటి తాకుతోనే అదుపులోకి తెచ్చుకుని, రెండో తాకుకు పక్కవాడికి అందించే తీరు చూస్తే, అకాడమీల్లో నేర్పేదంతా గట్టిగా తన్నడమేనా అన్న అనుమానం వస్తుంది.

1950 నుంచి 1954 వరకు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రోవర్స్ కప్పు ఫుట్‌బాల్ పోటీని వరుసగా ఐదుసార్లు గెలిచినా, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచినా, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించినా, వాటి వెనుక ఉన్నది కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ నేర్పిన పొట్టి పాసుల ఆటే. సికింద్రాబాద్ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం ఆ ఆటకు అందమైన రూపం. మన తెలుగువారికి క్రికెట్ తప్ప వేరే ఆట రాదనేవారు ఈ చరిత్రను ఒకసారి చూసుకోవాలి.

ఆ మడిలో నన్ను ఎక్కువగా కట్టిపడేసినది గట్టు మీది వాద్యం. ఢోలు, సన్నాయి లాంటి మహురి పట్టుకున్న నలుగురు ఆటను చూస్తూ వాయిస్తున్నారు. బంతి మధ్యలో తిరుగుతున్నంతసేపు ఢోలు నెమ్మదిగా నడిచి, పెనాల్టీ గీత దగ్గరికి రాగానే వేగం అందుకుని, గోల్‌కీపరు బంతి పట్టగానే ఠక్కున ఆగుతున్నది. మంచి వాద్యకారుడు మైదానం మధ్యలో ఆడే మంచి హాఫ్‌బ్యాక్ లాంటివాడు, ఆట ఎటు పోతుందో ముందే చూస్తాడు. ఇప్పటి లీగు మ్యాచుల్లో, ఏ నగరమో పేరు చెప్పను, కార్నర్ తీయబోతుండగా కూడా స్పీకర్లలో రీమిక్సు పాట మోగిస్తారు. జనం తమంతట తాము అరవడానికి, పాడడానికి సందు దొరకదు. మైకులోని గొంతు ‘చప్పట్లు కొట్టండి’ అని అడిగిన తరువాత వచ్చే చప్పట్లకు విలువేమిటి?

చంద్రగిరి దగ్గర జిరంగ్‌లో టిబెటన్ల బౌద్ధారామం చూడదగినది. 1963 ప్రాంతంలో ఇక్కడ స్థిరపడిన శరణార్థుల ఊళ్ల మధ్య కట్టిన ఈ ఆరామాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. తరగతులు ముగిశాక చిన్న భిక్షువులు ఎర్రటి వస్త్రాలు నడుముకు చుట్టుకుని బంతి ఆడుతుంటే, రక్షణ ఎవరూ చేయడం లేదు, అందరూ ముందుకే పరుగు. బయట వేడివేడి మోమోలు బాగున్నాయి. తప్తపానిలో వేడినీటి బుగ్గ దగ్గర ఒడిశా పర్యాటక సంస్థవారి పాంథనివాస్ ఉన్నది. ఈ దారిలో నిశ్శబ్దంగా నిద్రపోయిన బస అదొక్కటే. గంధకపు వాసన కొందరికి పడకపోవచ్చు.

బరంపురంలో ఇంటి భాష తెలుగు, బడి భాష ఒడియా అయినవారు చాలామంది. పొద్దుటి పూట పూరీ, ఉప్మా ఒకే ఆకులో వడ్డించడం చూసి మా శ్రీకాకుళం మిత్రుడు నవ్వాడు గాని, రెండోసారి అడిగి వేయించుకున్నదీ అతడే. స్టేషను దగ్గరి హోటళ్ల కంటె పాత బజారు వైపున్న చిన్న హోటళ్లలో రుచి, మర్యాద రెండూ ఎక్కువ. అక్కడి ఒక టీకొట్టులో ఒక పాట ఘంటసాలది, తరువాతిది ఒడియా గాయకుడు అక్షయ మహంతిది, మళ్లీ సుశీలది. ఘంటసాల విజయనగరంలో సంగీతం నేర్చుకున్నారు, సుశీల ఆ ఊళ్లోనే పుట్టారు. బరంపురం నుంచి చూస్తే వాళ్లు పొరుగువాళ్లే. అక్షయ మహంతి ఒడియా పాటలో నాకు నచ్చేది మాట స్పష్టత. భాష సగమే తెలిసిన నాకు కూడా వెక్కిరింత ఎక్కడ ఉన్నదో, బెంగ ఎక్కడ ఉన్నదో గొంతే చెప్పేస్తుంది.

కొట్టు యజమాని ఒడిశా ఎఫ్‌సీ ఫుట్‌బాల్ జట్టు అభిమాని. 2023లో సూపర్ కప్పు గెలిచిన జట్టు, మరుసటి ఏడాది సొంత గడ్డ కళింగ స్టేడియంలో అదనపు సమయం దాకా పోరాడి ఈస్ట్ బెంగాల్ చేతిలో 3-2తో ఫైనల్ ఓడిపోయిన సంగతి చెబుతూ, “మాస్టారూ, ఆ రాత్రి కొట్లో పాట పెట్టలేదండి” అన్నాడు. స్పీకరును ఎప్పుడు ఆపాలో తెలిసిన ఆ మనిషిని ఏదైనా లీగు వాళ్లు ఉద్యోగంలో పెట్టుకుంటే బాగుండును.

గోపాలపురం సముద్రం అందమైనదే గాని, తీరం మీది బస ధరకు తగినట్టు లేదు: మా గదికి సముద్రం కంటె పక్కవారి పార్టీ పాటలే దగ్గరగా వినిపించాయి. పాత రేవు శిథిలాల దగ్గర తడి ఇసుకలో జాలరి పిల్లలు ఆడే బంతాట కోసమైతే తప్పక వెళ్లాలి. మళ్లీ వెళ్లేవాడినైతే గది బరంపురంలోనే తీసుకుని, ఎండ తగ్గాక ఆటో మాట్లాడుకుని గోపాలపురం వెళ్తాను. తిరుగు ప్రయాణానికి కూడా అదే ఆటోను ఆపుకుంటాను.