భాజకాల ప్రోగ్రామ్: లూప్ చివరిదాకా నడపాలా, మధ్యలో ఆపాలా?

ఎక్స్86 అసెంబ్లీలో (ఇంటెల్ తరహా ప్రాసెసర్‌కి నేరుగా ఆదేశాలు రాసే భాషలో) తొలిసారి ఒక సంఖ్య భాజకాలు వెతికేవాళ్లు 1 నుంచి ఆ సంఖ్య దాకా ఒక్కోదానితో భాగించి, శేషం సున్నా అయితే ముద్రిస్తారు. రాయడం తేలిక, జవాబులు వరుసగా వస్తాయి. కానీ 10,00,000కి 10 లక్షల డివ్‌లు, అంటే భాగించే ఆదేశాలు!

రెండో దారి మధ్యలో ఆపడం. భాజకాలు జంటలుగా వస్తాయి కాబట్టి వర్గమూలం దాకా చూస్తే సరి, 1,001 డివ్‌లు చాలు. ఆ వర్గమూలం విడిగా కట్టక్కర్లేదు. డివ్ అయ్యాక శేషం ఈడీఎక్స్‌లో, భాగఫలం ఈఏఎక్స్‌లో (ఇవి రిజిస్టర్లు, ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ చోట్లు) ఉంటాయి కదా, భాగఫలం భాజకంకన్నా తగ్గగానే ఆపేయడమే. 36ని 4తో భాగిస్తే 9 కూడా చేతికొస్తుంది. 6 దగ్గర మాత్రం రెండూ ఒకటే. పోల్చి చూడకపోతే 6 రెండుసార్లు పడుతుంది. పైగా ఈ దారిలో జవాబుల వరుస తప్పుతుంది.

ఏ దారైనా ప్రతి డివ్‌కి ముందు ఈడీఎక్స్‌ని సున్నా చేయాల్సిందే. నేను మొదట్లో అది మరిచిపోయి ఒక సాయంత్రమంతా తప్పు జవాబులు చూశాను. మొదటిది సరిగ్గా నడిచాకే రెండోది రాయమంటాను, జవాబులు సరిచూసుకోవడానికి అది పనికొస్తుంది.