ఆఫీసు కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ డిఫెండర్: కొన్నేళ్ల వాడకం తర్వాత

యాంటీవైరస్‌కు విడిగా డబ్బు కేటాయించడం కుదరదని తేలినప్పటి నుంచి, అంటే కొన్నేళ్లుగా, మా కార్యాలయంలోని కంప్యూటర్లన్నిటినీ విండోస్‌తోపాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌తోనే నెట్టుకొస్తున్నాం. వాటి నిర్వహణ నా బాధ్యత. వైరస్‌లను పట్టుకోవడంలో డిఫెండర్ మాకు లోటు చేయలేదు. అయితే ప్రతి సిస్టమ్‌లోనూ డెఫినిషన్లు (కొత్త వైరస్‌లను గుర్తుపట్టేందుకు యాంటీవైరస్‌కు అందే ఆనవాళ్లు) తాజాగా ఉన్నాయా లేదా అని చూసే మనిషి లేకపోతే, ఉచితమైనా ఖరీదైనా ఏ యాంటీవైరస్ అయినా ఒకటేనని ఇన్నేళ్ల అనుభవంతో గట్టిగా చెప్పగలను.

అంతకుముందు ఒక సంస్థ అమ్మే పెయిడ్ ప్రోగ్రామ్ వాడేవాళ్లం. కంప్యూటర్లు ఒకేసారి కొన్నవి కావు కాబట్టి లైసెన్సుల గడువులు కూడా వేర్వేరు తేదీల్లో ముగిసేవి. గడువు తీరిన సిస్టమ్‌లో టాస్క్‌బార్ మీద ఐకాన్ యథాతథంగా కనిపిస్తూనే ఉండేది కానీ, కొత్త డెఫినిషన్లు రావడం ఆగిపోయేది. మరో యాంటీవైరస్ ఉందన్న లెక్కతో డిఫెండర్ కూడా పక్కకు తప్పుకునే ఉండేది. పాత ప్రోగ్రామ్‌ను పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేసి, సిస్టమ్‌ను రీస్టార్ట్ చేసిన తర్వాతే డిఫెండర్ మళ్లీ పనిలోకి దిగేది. ఇక ఉచితంగా దొరికే ఇతర యాంటీవైరస్‌ల సంగతి చూస్తే, వాటిలో చాలావాటి లైసెన్సు వ్యక్తిగత వాడకానికే పరిమితం. ఆఫీసులో పెట్టుకోవడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి దాన్ని పొదుపుగా నేను లెక్కించను.

డిఫెండర్ డెఫినిషన్లను మైక్రోసాఫ్ట్ రోజుకు చాలాసార్లు విడుదల చేస్తుంది. అవి చేరాయో లేదో తెలుసుకోవడానికి పవర్‌షెల్‌లో (విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసి పని చేయించే ప్రోగ్రామ్‌లో) గెట్-ఎంపీకంప్యూటర్‌స్టేటస్ అనే ఆదేశం ఇస్తే, డెఫినిషన్లు ఎన్ని రోజుల పాతవో చెప్పే అంకె ఒకటి కనిపిస్తుంది. ఆ అంకెను, రియల్‌టైమ్ రక్షణ (ఫైళ్లను అప్పటికప్పుడే పరిశీలించే ఏర్పాటు) ఆన్‌లో ఉందా లేదా అన్న వివరాన్ని, కంప్యూటర్ పేరుతో సహా ప్రతి ఉదయం ఒక షేర్డ్ ఫోల్డర్‌లోకి రాసేలా, పనులను చెప్పిన వేళకు నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో చిన్న స్క్రిప్టు పెట్టాను. సున్నా, ఒకటి కనిపిస్తే నిశ్చింత. మూడు దాటితే లేచి ఆ సిస్టమ్ దగ్గరకు వెళ్తాను. అంతకన్నా ముఖ్యంగా, అసలు ఏమీ రాయని కంప్యూటర్లు ఏవో చూడాలి. నెట్‌వర్క్ తెగిపోయినదీ, వారాల తరబడి ఆపేసి ఉంచినదీ, స్క్రిప్టే పనిచేయనిదీ ఆ ఫోల్డర్‌లో కనిపించవు కనుక, కంప్యూటర్ల పూర్తి జాబితా పక్కన పెట్టుకుని సరిపోల్చడం తప్పనిసరి. మేం వెనకబడిన సిస్టమ్‌లను పట్టుకున్నది చాలావరకు ఇలాగే. బయట తిరిగే లాప్‌టాప్‌లది మరో సమస్య: ఫోన్ హాట్‌స్పాట్‌ను మీటర్డ్ కనెక్షన్‌గా (డేటాను పొదుపుగా వాడాల్సిన కనెక్షన్‌గా) గుర్తించినచోట అప్‌డేట్లు వాయిదా పడుతుంటాయి కాబట్టి, ఆ సెట్టింగును ముందే మార్చి ఇస్తున్నాను.

కొత్త సిస్టమ్‌ను అప్పగించే ముందు ఐకార్ పరీక్ష ఫైలుతో ఒకసారి సరిచూస్తాను. అది 68 అక్షరాల హానిచేయని పాఠ్యం. యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరస్‌గానే గుర్తించాలన్నది ఒప్పందం. నోట్‌ప్యాడ్‌లో అతికించి సేవ్ చేయగానే హెచ్చరిక వచ్చి, ఫైలు క్వారంటైన్‌లోకి (హాని చేయకుండా విడిగా బంధించి ఉంచే చోటుకు) పోతే రియల్‌టైమ్ రక్షణ పనిచేస్తున్నట్టే.

ఫైళ్లకు తాళం వేసి డబ్బు డిమాండ్ చేసే రాన్సమ్‌వేర్ నుంచి వాటిని కాపాడే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనే సదుపాయం డిఫెండర్‌లో ఉన్నా, మనంతట మనం ఆన్ చేస్తే తప్ప పనిచేయదు. ఆన్ చేసిన తొలి రోజుల్లో మా అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌ను సైతం డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో రాయనీయలేదు. అనుమతించిన ప్రోగ్రామ్‌ల జాబితాలో చేర్చాక ఇబ్బంది తొలగింది. ఆ కాస్త చికాకుకు వెరచి దీన్ని వదిలేయవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను.

లోపాలూ ఉన్నాయి. అన్ని కంప్యూటర్ల స్థితినీ ఒకేచోట చూపే కన్సోల్ కావాలంటే డిఫెండర్ ఫర్ బిజినెస్ వంటి చందా కట్టాల్సిందే. లేదంటే నాలాగా స్క్రిప్టులతో సరిపెట్టుకోవాలి. హార్డ్ డిస్కుతో నడిచే పాత సిస్టమ్‌లలో ఫుల్ స్కాన్ పెడితే పని ముందుకు సాగదు కాబట్టి, పని వేళల్లో క్విక్ స్కాన్‌తో సరిపెట్టి, ఫుల్ స్కాన్‌ను సెలవు ముందు రోజు రాత్రికి మార్చాను. సిస్టమ్‌ల సంఖ్య వందలకు చేరిన కార్యాలయాలకు ఈ పద్ధతిని నేను సిఫారసు చేయను.

డెఫినిషన్లు తాజాగా ఉంటే చాలనుకోవడం కూడా సరికాదు. 2017లో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. దాడి మొదలైంది మే 12న. ఆ మధ్య ఉన్న దాదాపు రెండు నెలల్లో విండోస్‌ను అప్‌డేట్ చేసుకున్నవారి సిస్టమ్‌లలోకి ఆ దారిన అది దూరలేకపోయింది. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దానిపై డిఫెండర్ డెఫినిషన్లను 2028 అక్టోబర్ వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించినా, భద్రతా అప్‌డేట్ల పొడిగింపు పథకంలో చేరని సిస్టమ్‌లకు విండోస్ ప్యాచ్‌లు అందవు. అందువల్ల యాంటీవైరస్ మీద మిగిలిన సొమ్మును విండోస్ 11కు పనికిరాని కంప్యూటర్లను మార్చడానికి కేటాయించాలని మా యాజమాన్యాన్ని అడిగాను. అవి మారేలోపు ఇంటర్నెట్ బ్రౌజింగ్, ఈమెయిల్ పనులు వాటి మీద చేయకుండా, ముద్రణకూ పాత రికార్డులు చూడటానికీ మాత్రమే వాడుతున్నాం.