బిటాక్స్ గామా: బొమ్మగా 4 స్టార్లు, మైనర్‌గా 1

అరచేతిలో పట్టేంత బోర్డు, దాని మీద ఒకే ఒక్క చిప్పు, చిన్న ఫ్యాను, బుల్లి తెర. బిటాక్స్ గామా అనే ఈ ఇంట్లో పెట్టుకునే బిట్‌కాయిన్ మైనర్ (లెక్కలు కొట్టి కొత్త బిట్‌కాయిన్లు గెలుచుకునే మిషన్) అంటే ఇంతే. డిజైన్ ఓపెన్ సోర్స్ కాబట్టి చాలామంది తయారుచేసి అమ్ముతున్నారు. సెటప్‌కి పెద్ద తెలివేం అక్కర్లేదు, వైఫై ఇచ్చి బ్రౌజర్‌లో మన వాలెట్ అడ్రస్, పూల్ (చాలామంది మైనర్ల బలాన్ని కలిపి నడిపే సర్వర్) అడ్రస్ కొడితే నడుస్తుంది. దాదాపు 17 వాట్లు తింటుంది, నెలంతా ఆపకుండా వేసినా 12, 13 యూనిట్లు. నాకు అమ్మినాయన ఇచ్చిన అడాప్టర్ ముట్టుకోలేనంత వేడెక్కుతుంటే తీసి పక్కన పడేశాను, మీరు 5 వోల్టులదే కాస్త మంచిది విడిగా కొనుక్కోండి, పొరపాటున 12 వోల్టులది గుచ్చారో బోర్డు పోయినట్టే.

ఇక డబ్బుల సంగతి. ఇది సెకనుకు 1.2 టెరాహాష్ కొడుతుంది, అంటే 1.2 లక్షల కోట్ల ప్రయత్నాలు. మొత్తం నెట్‌వర్క్ 2025లో జెటాహాష్ దాటింది, అంటే వంద కోట్ల టెరాహాష్‌లు. ఆ లెక్కన మనకో బ్లాక్ (లావాదేవీల కట్ట, దాన్ని తీసినవాడికి బహుమతి) తగలడానికి సగటున 16 వేల ఏళ్లు పడుతుంది. తగిలితే 3.125 బిట్‌కాయిన్లు. లాటరీ అనుకుని కొంటే ఏ గొడవా లేదు.

నాకు చిరాకు తెప్పించేది అమ్మేవాళ్ల ప్రచారం. ఇది కొంటే మైనింగ్ పెద్దోళ్ల చేతుల్లోంచి జనం చేతుల్లోకి వచ్చేస్తుందట! లోపల ఉన్న బీఎం1370 చిప్పు ఎవరిది? మైనింగ్ మిషన్లు చేసే పెద్ద కంపెనీ బిట్‌మెయిన్‌ది, వాళ్ల ఎస్21 ప్రో మిషన్‌లో ఉండేదే. బయట చూస్తే ఫౌండ్రీ, యాంట్‌పూల్ అనే రెండు పూల్‌లే కలిసి చాలాసార్లు సగం దాకా బ్లాకులు తీస్తున్నాయి, 2014లో జీహాష్ అనే ఒక్క పూలే కాసేపు సగం దాటేసింది కూడా. పైగా పూల్‌లో చేరితే బ్లాకులో ఏ లావాదేవీలు పెట్టాలో మామూలుగా పూలే తేలుస్తుంది, మిషన్ కొన్నవాడు కాదు. సోలో పూల్‌కి (బహుమతిని అందరికీ పంచకుండా తీసినవాడికే వదిలే పూల్) తగిలించినా అంతే, వాళ్ల నోడ్ (లావాదేవీల రికార్డంతా దాచి సరిచూసే కంప్యూటర్) ఇచ్చిన బ్లాక్ మీదే మనం హాష్ కొడుతుంటాం.

అందుకే దీన్ని సొంత నోడ్‌కి కలిపితేనే కొన్నందుకు అర్థం. రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్, 1 టీబీ ఎస్ఎస్‌డీ, నోడ్ నడిపే బిట్‌కాయిన్ కోర్ ప్రోగ్రాం, దాని మీద పబ్లిక్ పూల్ సాఫ్ట్‌వేర్ వేస్తే బ్లాక్ మన ఇంట్లోనే తయారవుతుంది. ఇంత చిన్న పెట్టెలో మొత్తం చైన్ (ఇప్పటిదాకా వచ్చిన బ్లాకులన్నీ) పడుతోందంటే అది 2015 నుంచి 2017 దాకా జరిగిన బ్లాక్ సైజ్ కొట్లాట పుణ్యమే. 2010లో బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషి ఒక్కో బ్లాక్‌కి పెట్టిన 1 ఎంబీ పరిమితిని 8కి పెంచాలని డెవలపర్లు గావిన్ ఆండ్రెసన్, మైక్ హెర్న్ పట్టుబట్టారు, తర్వాత బిట్‌మెయిన్ కూడా పెద్ద బ్లాకుల వైపే నిలబడింది, చివరికి 2017 ఆగస్టు 1న పెద్ద బ్లాకులతో బిట్‌కాయిన్ క్యాష్ అనే వేరే నాణెంగా విడిపోయింది, బిట్‌కాయిన్ చిన్న బ్లాకులతోనే ఉండిపోయింది. 8 ఎంబీ బ్లాకులు నిండుగా వస్తే ఏడాదికే 420 జీబీ. మన ఎస్ఎస్‌డీ మూడో ఏడాది పూర్తికాకముందే నిండిపోతుంది. పైగా బ్లాక్ పెద్దదైతే అందరికీ చేరడానికి ఆలస్యం, ఆ ఆలస్యంలో దాన్ని తీసినవాడు తర్వాతి బ్లాక్ మీద ముందే పని మొదలుపెట్టేస్తాడు, కాబట్టి పెద్ద పూల్‌కే లాభం.

పెద్ద బ్లాకులవాళ్లది మరీ మొండి వాదనేం కాదు లెండి, 2017 డిసెంబర్‌లో ఒక్క లావాదేవీకి సగటు ఫీజు 50 డాలర్లు దాటింది, కాఫీకి కట్టే డబ్బు కాదు కదా అది. చిన్న బ్లాకులు ఉంచినంత మాత్రాన మైనింగ్ నలుగురి చేతుల్లోకి పోకుండా ఆగిందా అంటే అదీ లేదు. ఇంట్లో కూర్చుని వాళ్ల బ్లాక్‌ని మనం సరిచూసే వీలు మాత్రం మిగిలింది, నా దృష్టిలో అది ఫీజు కంటే విలువైంది. బడ్జెట్ ఒక్కదానికే ఉంటే బిటాక్స్ వదిలేసి నోడ్ పెట్టుకోండి.

అన్నట్టు, అదృష్టం తన్ని బ్లాక్ తగిలినా, అమ్మినప్పుడు మన దగ్గర లాభం మీద 30 శాతం పన్ను, మిషన్ ఖర్చు, కరెంటు బిల్లు అందులో తగ్గించుకోనివ్వరు.