షావుకారుపేట దాల్చినచెక్క తేనె: కొనొచ్చా?

చెన్నై షావుకారుపేటలో సీసాల్లో అమ్మే దాల్చినచెక్క తేనె రుచికి బాగుంటుంది. మందుగా సగం మార్కులే. దగ్గుకు పడుకోబోయే ముందు చెంచాడు తేనె కాస్త ఉపశమనమిస్తుంది. ఏడాది నిండని పిల్లలకు మాత్రం నాకించకూడదు, బొటులిజం (బాక్టీరియా విషంతో వచ్చే తీవ్రమైన జబ్బు) ప్రమాదం. షుగర్ తగ్గుతుందని చెప్పి అమ్మడమే విడ్డూరం: ఆ చెంచాలో దాదాపు 6 గ్రాముల చక్కెరే ఉంది!

అసలు చూడాల్సింది చెక్క రకం. మందంగా, ఒకే పొరగా చుట్టుకున్నది కేసియా. అందులో కూమరిన్ అనే సహజ రసాయనం ఎక్కువ. దానికి యూరప్ పెట్టిన హద్దు రోజుకు కిలో ఒంటి బరువుకు 0.1 మిల్లీగ్రాము. రోజూ చెంచాడు కేసియా పొడి తింటే అది సులువుగా దాటిపోతుంది, కాలేయానికి చేటు. పల్చటి పొరలు ఒత్తుగా చుట్టుకుని, నలిపితే పెళుసుగా విరిగేది సిలోన్ రకం. పొడి కొట్టాక ఏదో తేలదు కనుక చెక్క, తేనె విడివిడిగా కొనండి. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడేవాళ్లు ముందు డాక్టరును అడగాలి.