టూ-స్ట్రోక్ డర్ట్ బైక్: బేస్ గాస్కెట్ పలచగానా, మందంగానా, హెడ్ గాస్కెట్ మార్చాలా? ఏది మేలు?

టూ-స్ట్రోక్ డర్ట్ బైక్ ఇంజిన్ హెడ్‌లో, అంటే సిలిండర్ మీది మూతలో, ఫోర్-స్ట్రోక్‌కు ఉన్నట్టు వాల్వులు ఉండవు. సిలిండర్ గోడలోని పోర్టులను, అంటే రంధ్రాలను, పిస్టనే తెరిచి మూస్తుంది. అందువల్ల మన మెకానిక్కులు ప్యాకింగ్ అని పిలిచే గాస్కెట్‌కు ఇక్కడ లీకును ఆపడం ఒక్కటే పని కాదు. సిలిండర్ కింద ఉండే బేస్ గాస్కెట్ మందం మారితే సిలిండర్, దానితో పాటు పోర్టులన్నీ పైకో కిందికో జరుగుతాయి. హెడ్ గాస్కెట్ మందం మారితే పోర్టులు ఉన్నచోటే ఉండి, దహన గది పరిమాణమూ, పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని అంచుకూ హెడ్‌కూ నడుమ మిగిలే స్క్విష్ అనే సందూ మాత్రమే మారుతాయి. ఈ తేడా తెలియకుండా ‘సన్న ప్యాకింగ్ వేస్తే పవర్ పెరుగుతుంది’ అనడం సగం నిజమే అవుతుంది.

యమహా వైజెడ్125 కొలతలతో లెక్క వేద్దాం. బోర్ (సిలిండర్ వ్యాసం) 54 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 54.5 మి.మీ. కనుక మందంలో ప్రతి 0.1 మి.మీ. మార్పుకూ దహన గదిలో దాదాపు 0.23 సీసీ తేడా వస్తుంది. ఉదాహరణకు దహన గది 10 సీసీ ఉందనుకుంటే, పూర్తి స్ట్రోక్ ఆధారంగా కంప్రెషన్ నిష్పత్తి (మిశ్రమం ఎన్ని రెట్లు కుదించబడుతుందో చెప్పే అంకె) సుమారు 13.5 అవుతుంది.

బేస్ గాస్కెట్‌ను 0.3 మి.మీ. పలచన చేస్తే ఆ నిష్పత్తి 14.4 దాకా పెరుగుతుంది, 1.2 మి.మీ. ఉన్న స్క్విష్ 0.9కి తగ్గుతుంది. పోర్టులు కిందికి దిగడం వల్ల కాలిన వాయువు బయటికి పోయే ఎగ్జాస్ట్ పోర్టు ఆలస్యంగా తెరుచుకుని త్వరగా మూసుకుంటుంది. అది తెరుచుకుని ఉండే వ్యవధి క్రాంక్ తిరిగే కోణంలో ఒక డిగ్రీకి కాస్త ఎక్కువగా తగ్గుతుంది. కింది ఆర్‌పీఎంలో లాగుడు, మధ్యలో పికప్ మెరుగవుతాయి, పై ఆర్‌పీఎంలో సాగే గుణం తగ్గుతుంది. ఈ తగ్గుదలకు పోర్టులు సగం కారణమే. కంప్రెషన్ పెరిగినప్పుడు ఇంధనపు వేడి సిలిండర్‌లోనే ఎక్కువగా పనిగా మారి, ఎగ్జాస్ట్ వాయువు కొంత చల్లబడి ఎగ్జాస్ట్ పైపులోకి వెళుతుంది. పైపులో పీడన తరంగం నెమ్మదిస్తుంది కాబట్టి అదే పైపు మునుపటికంటే తక్కువ ఆర్‌పీఎం దగ్గర బాగా పనిచేస్తుంది.

మందమైన బేస్ గాస్కెట్ ఫలితం చాలామంది ఊహించినంత సూటిగా ఉండదు. 0.5 మి.మీ. పెంచితే ఎగ్జాస్ట్ సుమారు ఒక డిగ్రీ ముందే తెరుచుకుంటుంది. తాజా మిశ్రమం సిలిండర్‌లోకి వచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టులు తెరుచుకునే సమయానికి పిస్టన్ వేగం కొంత తగ్గి ఉంటుంది గనుక అవి సుమారు 1.3 డిగ్రీలు ముందుకు వస్తాయి. అంటే ఎగ్జాస్ట్ తెరుచుకున్నాక ట్రాన్స్‌ఫర్ తెరుచుకునేదాకా కాలిన వాయువు బయటికి పోవడానికి దొరికే వ్యవధి పెరగకపోగా కొద్దిగా తగ్గుతుంది. కంప్రెషన్ 12.2కి పడిపోతుంది, స్క్విష్ 1.7 మి.మీ. అవుతుంది. నాకింగ్ (మిశ్రమం తనంతట తానే అంటుకుని కొట్టుకోవడం) తగ్గుతుందని ఈ పని చేసేవారు గమనించవలసినది ఒకటుంది: సందు అంత వెడల్పైతే మిశ్రమాన్ని మధ్యకు బలంగా నెట్టే చర్య నీరసించి, అంచున మిగిలిన మిశ్రమమే నాకింగ్‌కు కారణం కావచ్చు.

అందుకే మోటోక్రాస్ ట్రాక్ మీద పై ఆర్‌పీఎం కావాలనుకునే రైడర్‌కు మందమైన గాస్కెట్ ఒక్కటే చాలదు. సిలిండర్ పైకి లేచిన మేరకు హెడ్‌ను లేత్ మీద కోయించి, స్క్విష్‌ను మళ్లీ 1 మి.మీ. దరికి తేవాలి. నేను మొగ్గు చూపేది ఈ జంట మార్పుకే. అడవి దారుల్లో, రాళ్ల మీద నెమ్మదిగా నడిపేవారికి మాత్రం పలచని బేస్ గాస్కెట్టే మేలు. అయితే 125 సీసీ ఇంజిన్‌లో స్క్విష్ 0.9 మి.మీ. కంటే తగ్గనివ్వకూడదు. ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర కనెక్టింగ్ రాడ్ సాగుతుంది, బేరింగుల్లో సందులు ఉంటాయి. పిస్టన్ హెడ్‌కు తగిలే ప్రమాదం అక్కడే ఉంది.

పోర్టుల తీరు నచ్చి, కంప్రెషన్ మాత్రమే మార్చుకోవాలనుకునేవారు హెడ్ గాస్కెట్‌నే ముట్టుకోవాలి. కేటీఎం 250, 300 వంటి ఇంజిన్లలో హెడ్‌ను ఓ-రింగులు (గుండ్రని రబ్బరు వలయాలు) సీల్ చేస్తాయి కనుక ఆ దారి లేదు. అక్కడ పిస్టన్ పై అంచుకూ సిలిండర్ పై అంచుకూ ఉన్న తేడాను కొలిచి, దానికి తగిన మందం గల బేస్ గాస్కెట్‌ను ఎంచుకుంటారు.

మన ఊళ్లలో మట్టి ట్రాక్‌ల కోసం ఆర్‌ఎక్స్100ను సిద్ధం చేసేవారికి ఒక హెచ్చరిక. 50 × 50 మి.మీ. ఇంజిన్‌లో 0.1 మి.మీ.కు మార్పు 0.2 సీసీయే అయినా, అది గాలితో చల్లబడే ఇంజిన్. మామూలు పెట్రోల్ మీద కంప్రెషన్ పెంచితే వేడి త్వరగా పెరిగి పిస్టన్ పట్టేస్తుంది. పైగా 1996 నాటికే తయారీ ఆగిపోయిన బండి కాబట్టి, దాని హెడ్‌ను ఇదివరకే ఎవరైనా కోయించారేమో కొలవకుండా తెలియదు.

కొలత కష్టమేమీ కాదు. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి మెత్తని సోల్డర్ తీగను పిస్టన్ పిన్ను ఉన్న దిశలో సిలిండర్ గోడకు ఆనించి, పిస్టన్‌ను పై కొసకు తిప్పి, నలిగిన చోట మందాన్ని కాలిపర్‌తో చూడాలి. రెండు వైపులా తీసి సగటు కట్టాలి. పిన్ను దిశకు అడ్డంగా కొలిస్తే పిస్టన్ ఒరిగి తప్పు అంకె వస్తుంది. మందం కోసం రెండు పాత బేస్ గాస్కెట్లను ఒకదానిపై ఒకటి వేయకూడదు. వాటి నడుమ నుంచి సిలిండర్ కింది క్రాంక్‌కేసులోకి గాలి చొరబడితే మిశ్రమం పలచబడి, కంప్రెషన్ తక్కువగా ఉన్నా పిస్టన్ పట్టేస్తుంది.