పవర్ ప్రెస్ గార్డులు: ఏళ్ల తరబడి వాడాక నా అంచనా

బాలానగర్‌లోని మా ప్రెస్ షాపులో, అంటే రేకును యంత్రంతో కొట్టి కత్తిరించి వంచే చోట, వాషర్లు, క్లాంపులు, చిన్న బ్రాకెట్లు తయారవుతాయి. సి-ఫ్రేమ్ ప్రెస్సుల్లో ఎక్కువ భాగం రోలింగ్ కీ క్లచ్‌తో (తిరిగే చక్రాన్ని ఒక ఉక్కు కీతో పట్టించే ఏర్పాటు) నడిచే పాతవి. ఒక్కటి మాత్రం గాలి ఒత్తిడితో పనిచేసే క్లచ్‌ది. స్థానికంగా చేయించిన ఫిక్స్‌డ్ గార్డు, కదిలే గేటు గార్డు, కొని బిగించిన లైట్ కర్టెన్ (కాంతి కిరణాలకు చెయ్యి అడ్డొస్తే ప్రెస్సును ఆపించే పరికరం) అనే మూడింటినీ రోజువారీ ఉత్పత్తిలో చాలాకాలంగా వాడుతున్నాను. వీటిని నేను ఒకే కొలబద్దతో చూస్తాను: ఆపరేటరు విప్పి పక్కన పెట్టాలనుకోకుండా ఆ గార్డు యంత్రం మీద ఎంతకాలం నిలుస్తుంది?

మూడింటిలో నాకు బాగా నచ్చింది అన్నిటికంటే చవకైన ఫిక్స్‌డ్ గార్డే. స్ట్రిప్‌ను (రేకు పట్టీని) ఒక పక్కనుంచి తోస్తూ బ్లాంకులు, అంటే చదును ముక్కలు, కొట్టే పనికి డై (రేకుకు ఆకారమిచ్చే అచ్చు) చుట్టూ ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) యాంగిల్ ఫ్రేము, ముందు పాలీకార్బొనేట్ పలక, స్ట్రిప్ దూరడానికి ఒక సన్నని సందు ఉంటే చాలు. డిజైనులో అసలు కిటుకంతా ఆ సందులోనే ఉంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948లోని సెక్షన్ 21 ప్రమాదకరమైన భాగాలకు గట్టి కంచె ఉండాలనేది గానీ, వేలు ఎంత సందులో ఎంత లోపలికి పోతుందన్న లెక్క ఐఎస్ఓ 13857 అనే అంతర్జాతీయ ప్రమాణంలో దొరుకుతుంది. పొడవాటి సందు ఎత్తు 6 మి.మీ. దాటి 8 మి.మీ. వరకు ఉంటే పంచ్ (పైనుంచి దిగి రేకును కొట్టే భాగం) కనీసం 20 మి.మీ. అవతల ఉండాలి, 10 మి.మీ. వరకైతే 80, 12 మి.మీ. వరకైతే 100 మి.మీ. దూరం కావాలి. రెండు మిల్లీమీటర్లు పెంచగానే దూరం నాలుగింతలు అవుతుందన్న సంగతి ఫ్యాబ్రికేటర్లు సులభంగా నమ్మరు. 2 మి.మీ. రేకు దూరడానికి 8 మి.మీ. సందు ధారాళంగా సరిపోతుంది కనుక మేము అంతకు మించనివ్వలేదు.

ఈ గార్డులో ఇబ్బంది పాలీకార్బొనేట్ పలకతోనే వచ్చింది. అక్రిలిక్‌లా పగిలి ముక్కలు చిమ్మదన్న మాట నిజమే, కానీ జిడ్డు పోవాలని ఎవరో థిన్నర్ గుడ్డతో తుడిస్తే అంచుల దగ్గర, బోల్టు రంధ్రాల చుట్టూ వెంట్రుకల్లాంటి బీటలు మొదలయ్యాయి. అప్పటినుంచి సబ్బు నీళ్లు తప్ప మరేదీ వాడనివ్వడం లేదు. పలక మసకబారి డై కనిపించకపోతే ఆపరేటరు మొదట చేసే పని గార్డు విప్పడమే కాబట్టి, పలకను తేలిగ్గా మార్చగలిగే చట్రం కూడా డిజైనులో భాగమనే అనుకోవాలి. ఫ్రేమును అలెన్ బోల్టులతో బిగించి, విప్పినా బోల్టు ఊడి కింద పడకుండా చేయించడం మరో మంచి నిర్ణయం. పోయిన బోల్టు స్థానంలో బైండింగ్ వైరు చుట్టే అలవాటు దానితో పోయింది.

బ్రాకెట్లను ఒక్కొక్కటిగా చేత్తో పెట్టి వంచే పనికి గేటు గార్డు తప్పదు. రోలింగ్ కీ ఒకసారి పట్టుకుందంటే ర్యామ్ (పంచ్‌ను మోసుకుని కిందికీ పైకీ కదిలే భాగం) కిందికి దిగి తిరిగి పైకి చేరేదాకా ఆగదు. కీ గానీ స్ప్రింగు గానీ అరిగితే పెడల్ తొక్కకుండానే రెండో స్ట్రోకు పడవచ్చు. అందుకే గేటు మూసుకుంటే తప్ప క్లచ్ పట్టకూడదు, ర్యామ్ తిరిగి పైకి చేరి ఆగేదాకా గేటు తెరుచుకోకూడదు. గేటు మూసిందో లేదో చూసి క్లచ్‌ను అనుమతించే మా ఇంటర్‌లాక్‌లో మొదట మామూలు మాగ్నెట్ స్విచ్ ఉండేది. స్పీకర్ నుంచి పీకిన అయస్కాంతాన్ని దానికి టేపుతో అతికించి, గేటు తెరిచే పని చేయడం ఒక షిఫ్టులో కనిపించింది. తన జత ముక్కకు తప్ప మరే అయస్కాంతానికీ స్పందించని కోడెడ్ స్విచ్ ఖరీదు ఎక్కువే అయినా, ఆ తర్వాత అలాంటి ఉపాయం సాగలేదు. గేటును స్ప్రింగుతో తేలిక చేశాక ఉత్పత్తి మీద ఫిర్యాదులూ తగ్గాయి.

లైట్ కర్టెన్ విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. ఒక విక్రేత దీన్ని మా రోలింగ్ కీ ప్రెస్సులకు కూడా అమ్మజూపాడు. మధ్యలో ఆగలేని ప్రెస్సుకు, చెయ్యి అడ్డొచ్చిందని తెలుసుకునే పరికరం ఎందుకూ కొరగాదు. గాలి క్లచ్ ప్రెస్సు మధ్యలో ఆగగలదు కనుక దానికి అది చక్కగా పనికొస్తుంది. చెయ్యి పెట్టడానికి, తీయడానికి అడ్డేమీ ఉండదు కనుక మా ఆపరేటర్లకు ఎక్కువ ఇష్టమైనది అదే. అయితే దూరం లెక్క కట్టాలి. చేతి వేగాన్ని సెకనుకు 2000 మి.మీ.గా తీసుకుంటారు కాబట్టి, సంకేతం అందాక ఆగడానికి మొత్తం 0.15 సెకను పట్టే ప్రెస్సుకు 14 మి.మీ. రిజల్యూషన్ (పసిగట్టగల అతి చిన్న వస్తువు మందం) ఉన్న కర్టెన్‌ను డై నుంచి కనీసం 300 మి.మీ. దూరంలో పెట్టాలి. బ్రేక్ లైనింగ్ అరిగి ఆ సమయం 0.2 సెకనుకు చేరితే 400 మి.మీ. కావాలి. 30 మి.మీ. రిజల్యూషన్‌ది చవగ్గా వస్తుందని తీసుకుంటే మరో 128 మి.మీ. కలపాలి, అప్పుడు ఆపరేటరు చేతులు బాగా చాచి పని చేయాల్సి వస్తుంది. లైనింగ్ మార్చిన ప్రతిసారీ ఆగే సమయం కొలిపిస్తున్నాము. ఆ కొలత తీసే మనిషిని పిలిపించే ఖర్చును కూడా కర్టెన్ ధరలో కలుపుకొనే కొనాలి.